పాత బెజ్జం

మేస్త్రి కుట్టిన సంచి కుట్టు విడిపోయిందని ఇంతవరకూ ఎవరూ వెనక్కి పట్టుకురాలేదు. ఈ మాట ఆయన తనంతట తాను చెప్పుకోడు, ఎదుటివాడి నోట వచ్చేదాకా మాటల్ని అటే తిప్పుతూ ఉంటాడు. వీధిలో అందరికీ ఆయన మేస్త్రే. ముందు గదిలో దుకాణం, వెనక గదిలో కాపురం. ముందు గదిలో అడుగు పెడితే తోలు వాసన, మైనం వాసన. గోడకి నడుం పట్టీలు, బల్ల మీద బడి సంచులు, మూలన ఎవరికీ అమ్మని ఒక తోలు పెట్టె ఉంటాయి.

ఆ పెట్టె ఆయన పని నేర్చుకున్న చివరి ఏడు కుట్టింది. ఒకే తోలుని నాలుగు మూలలా మడత పెట్టి, ఒక్క బెజ్జం కూడా వృథా పోకుండా కుట్టాడు. తోలు పనిలో అసలు విద్య అదే. గుడ్డకి తప్పు సూది పడితే ఉతికేసరికి దారాలు కలిసిపోతాయి. తోలుకి బెజ్జం పొడిచే ఆరె దిగిందంటే ఆ బెజ్జం తోలు ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. అందుకని కుట్టు విప్పి మళ్ళీ కుట్టాల్సి వస్తే పాత బెజ్జంలోంచే సూది పోవాలి. పక్కన కొత్తది పొడిచినవాడు ఆయన దృష్టిలో పనివాడే కాడు. పని నేర్పిన గురువు అడ్డదిడ్డం బెజ్జానికి ఒకటి చొప్పున మొట్టికాయలు ఇచ్చాడు. అలా తలకెక్కిన విద్య ఇక దిగలేదు.

కూతురి దగ్గరా ఆయన ఆ విద్యే వాడాడు. కొంప అక్కడే మునిగింది.

పిట్టకి ఎనిమిదో ఏట చక్కెర జబ్బు బయటపడింది. పెద్దవాళ్ళకి నడివయసులో వచ్చే రకం కాదు, అసలు ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే ఆగిపోయే రకం. పేరు వేరే ఉంది గానీ, ఉన్నది గుప్పెడు కాబట్టి ఇంట్లోనూ వీధిలోనూ అందరూ పిట్ట అనే పిలుస్తారు. ఆసుపత్రిలో తల నెరిసిన నర్సమ్మ ఒకావిడ తల్లిదండ్రులిద్దర్నీ కూర్చోబెట్టి సిరంజి పట్టడం చూపించింది. పొట్ట, తొడలు, జబ్బలు, రోజుకో చోట మారుస్తూ వెయ్యండి అని చెప్పింది. మేస్త్రి తల ఊపాడు. ఆ రోజు ఆయన దేనికైనా తల ఊపేవాడే, మీ ఇంటి పైకప్పు పీకేస్తున్నాం అన్నా ఊపేవాడు. చెవిలో పడ్డవి పడ్డాయి, జారినవి జారాయి. చర్మం రెండు వేళ్ళతో పట్టుకోవాలి, సూది నిటారుగా దించాలి అన్నది మాత్రం బాగా ఎక్కింది, అది ఆయనకి తెలిసిన భాష కాబట్టి.

ఆయన భార్య బస్సు డిపోలో టికెట్లిచ్చే కిటికీ దగ్గర ఉద్యోగం చేస్తుంది. వందమంది మగాళ్ళని నోటితో వరసలో నిలబెట్టగల మనిషి, కూతురికి సూది అనేసరికి కళ్ళు మూసుకుంది. దాంతో ఆ పని మేస్త్రి మీద పడింది. బొడ్డుకి ఎడమ పక్క పొద్దుటికి, కుడి పక్క సాయంత్రానికి. రెండే బెజ్జాలు. పసిదాని ఒళ్ళంతా ఎందుకు తూట్లు పొడవాలి? చోటు మార్చమన్నారు కదండీ అని భార్య ఒకటి రెండుసార్లు గుర్తు చేస్తే, "నీకు టికెట్లు చింపడం తెలుసు, నాకు సూది తెలుసు" అనేశాడు.

మొదట్లో పిట్ట ఏడ్చేది. ఆరేడు నెలలకి ఏడుపు ఆగింది. ఏడాది తిరిగేసరికి సూది దిగినట్టే తెలియడం మానేసింది. గౌను ఎత్తి పట్టుకుని ఆవలిస్తూ నిలబడేది. మా నాన్న వేస్తే నొప్పే ఉండదు అని బళ్ళో చెప్పుకుంది. ఆ మాట తిరిగి తిరిగి మేస్త్రి చెవిన పడింది. ఆ పూటంతా మనిషి నేల మీద నడవలేదు.

పదో ఏట అంకెలు తిరగబడ్డాయి.

వేలి చివర గుచ్చి రక్తపు చుక్క యంత్రానికి పెడితే రెండొందల యాభై అనేది. తర్వాత మూడొందలు. తర్వాత నాలుగొందలు దాటింది. పిల్ల చెంబులకి చెంబులు నీళ్ళు తాగుతోంది, తాగినంతసేపు పట్టకుండా స్నానాలగదికి పరిగెడుతోంది. పెట్టిందంతా తింటోంది, అయినా చెక్కేసినట్టు సన్నబడుతోంది. బడి సంచి భుజాన వేసుకుంటే సంచే పిల్లని మోసుకెళుతున్నట్టుంది. మేస్త్రి ఒకప్పుడు ఆమె నడుం కొలిచి పట్టీ కుట్టిచ్చాడు. ఇప్పుడు దానికి మూడు బెజ్జాలు లోపలికి పెట్టాల్సి వచ్చింది.

డాక్టరుగారి గది ముందు ఎప్పుడూ కిటకిటే. ఆయన కాగితం మీది అంకెలు చూశాడు.

"రక్తం నిండా చక్కెర ఉంది, ఒంటికి మాత్రం అందట్లేదు. మందు పెంచుదాం. అన్నట్టు, దొంగచాటుగా ఏమైనా తింటోందేమో కనిపెట్టండి. ఈ వయసు పిల్లలు తింటారు."

గౌను ఎత్తి చూడలేదు. చూడమని అడగాలని వీళ్ళకీ తెలియదు. సిరంజి మీద పన్నెండు గీతలు ఉండే మందు పదహారు అయింది, తర్వాతసారి పందొమ్మిది, ఆ తర్వాత ఇరవై రెండు. అంకె మాత్రం జరగలేదు. ఇంత మందూ ఎటు పోతోంది? మేస్త్రికి తిండి సయించలేదు. తోలు కోస్తుంటే కొలత తప్పేది. ఏదో తప్పు ఉంది, ఎక్కడో ఉంది. తన చేతిలో లేదని మాత్రం ఆయనకి గట్టి నమ్మకం. చేతిలో లేకపోతే పిల్ల నోట్లో ఉండాలి.

ఇల్లంతా వెతికారు. మంచం కింద, పుస్తకాల మధ్య, బూట్లలో. చివరికి బడి సంచి లోపలి అరలో, మేస్త్రి స్వయంగా కుట్టిన చిన్న అరలో, ఒక టాఫీ కాగితం దొరికింది. ఎర్రగా తళతళలాడుతోంది.

"ఇదేంటే?" అంది తల్లి.

"బళ్ళో ఇంకో అమ్మాయి తిని పారేసిందమ్మా. మెరుస్తోందని దాచుకున్నా."

"పారేసిన కాగితం దాచుకుంటారా ఎవరైనా? నాకు చెవిలో పువ్వులు పెడతావా?"

"నిజం అమ్మా."

మేస్త్రి పిల్లని ఎదురుగా నిలబెట్టుకుని అడిగాడు. మెత్తగా అడిగాడు, గట్టిగా అడిగాడు, బతిమాలాడు. రెండు గంటలు అదే ప్రశ్న. లేదు నాన్నా, తినలేదు నాన్నా. ఆయన కళ్ళ ముందు నాలుగొందల పై అంకె తప్ప ఇంకేమీ లేదు. చెయ్యి ఎలా లేచిందో ఆయనకే తెలియదు. పదేళ్ళలో పిల్ల మీద మొదటి దెబ్బ అది. చెంప మీద నాలుగు వేళ్ళూ తేలాయి.

పిట్ట చెంప మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత, "తిన్నా" అంది.

"ఎన్ని?"

"ఒకటి."

"ఒక్క టాఫీకి ఇంత పెరుగుతుందా? నిజం చెప్పు."

"నాలుగు."

అప్పటికి మొగుడూ పెళ్ళాలకి ఊపిరి ఆడింది. చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన మాటే గానీ, ఆ సాయంత్రం ఇద్దరికీ నెల రోజుల తర్వాత కడుపునిండా తినబుద్ధయింది. తప్పు దొరికింది కదా. ఇంట్లో తీపన్నది ఏదీ పిల్లకి అందకూడదని పంచదార డబ్బా, బిస్కెట్లు, తేనె సీసా అన్నీ ఆ తోలు పెట్టెలో పెట్టి తాళం వేశారు.

"తాళంచెవి నా దగ్గరుంటుంది. మీరు అది కళ్ళు తుడుచుకుంటే చాలు కరిగిపోతారు" అని భార్య తన సంచిలో వేసుకుంది.

నాలుగు రోజులు గడిచాయి. అంకె దిగలేదు. అంటే ఇంకా తింటోంది, ఎక్కడో సంపాదిస్తోంది అనుకున్నారు. బళ్ళో పంతులమ్మకి చెప్పారు. పిట్ట మధ్యాహ్నం తిండి పంతులమ్మ బల్ల పక్కన ఒంటరిగా కూర్చుని తినాల్సి వచ్చింది. పిల్ల మాటలు తగ్గించేసింది. ఎదురుగా వచ్చినప్పుడల్లా చేతులు రెండూ చాపి చూపించేది, అడక్కుండానే.

పదకొండో రోజు సాయంత్రం మేస్త్రి ధ్యాస ఎక్కడో ఉండి ఆరె ఎడమ బొటనవేలిలోకి దింపుకున్నాడు. వేలు వాచి కట్టు పడింది. మర్నాడు పొద్దున చూస్తే వేలు వంగదు. కుడిచేత్తో సూది వెయ్యగలడు, ఎడమచేత్తో చర్మం పట్టుకోవాలి కదా.

"ఇవాళ్టికి నువ్వు వెయ్యి" అన్నాడు భార్యతో.

ఆ రోజు వీధికి వారానికో రోజు ఉండే సెలవు. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, బడి కూడా లేదు. డిపోకి మాత్రం సెలవు ఉండదు. పొద్దున అంకె నాలుగొందల ముప్పై. ఆవిడ పళ్ళు బిగించి ఇరవై రెండు గీతలు ఎక్కించింది. ఆయన వేసే చోటు చూస్తే ఎందుకో వెయ్యబుద్ధి కాలేదు. రెండేళ్ళ కిందట నర్సమ్మ తొడ మీద వేసి చూపించడం గుర్తొచ్చింది. అక్కడే వేసింది. పిట్ట కెవ్వుమని అరిచింది.

"చెయ్యి తిరగాలి దానికి" అన్నాడు మేస్త్రి ముందు గదిలోంచి, కొంచెం గర్వంగానే.

పిల్ల ఏడుస్తూ సగం తిని సగం వదిలేసింది. తల్లి బస్సు అందుకోవడానికి పరిగెత్తింది. పిట్ట కాసేపటికి ఊరుకుని, ఖాళీ వీధిలో తాడాట మొదలుపెట్టింది. నెలల తర్వాత పిల్ల ఎగురుతుంటే తాడు నేలకి తగిలే చప్పుడు విని మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. ఆయన ఒక పెద్ద సంచి అంచు కుడుతున్నాడు. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు, ఒక బెజ్జంలోంచి అటు ఒకటి ఇటు ఒకటి. వరస మధ్యలో వదిలితే కుట్టు సడలుతుంది. కట్టు కట్టిన వేలితో అది నత్తనడక నడుస్తోంది.

తాడు చప్పుడు ఆగింది. పిట్ట గుమ్మంలోకి వచ్చి గోడకి ఆనుకుంది.

"నాన్నా, ఒక్క చెంచా పంచదార పెట్టవా?"

మేస్త్రి తలెత్తలేదు. "ఏమన్నావ్?"

"పంచదార. ఒళ్ళు ఏదోలా ఉంది. చేతులు చూడు, ఆడుతున్నాయి."

పొద్దున నాలుగొందల ముప్పై. దొంగతనంగా తినడం చాలక ఇప్పుడు మొహం మీదే అడుగుతోంది. ఆయనకి ఒళ్ళు మండింది.

"తాళంచెవి అమ్మ దగ్గరుంది. నా దగ్గర ఈ వేషాలు వెయ్యకు."

"వేషం కాదు నాన్నా. కావాలంటే గుచ్చి చూడు."

గుచ్చి చూస్తే రెండు నిమిషాల పని. యంత్రం వెనక గదిలో గూట్లోనే ఉంది. ఆయన రెండు చేతుల్లో రెండు సూదులు ఉన్నాయి, ఇంకా జానెడు వరస మిగిలి ఉంది.

"ఈ వరస అయ్యాక చూస్తా. అలా కూర్చో."

పిట్ట కూర్చుంది. తోలు ముక్కల గుట్ట మీద కూర్చుని ఏదో గొణిగింది. ఒకసారి నవ్వింది. తర్వాత తన చెప్పు తీసి ఆయన మీదికి విసిరింది. పిట్ట అలాంటి పిల్ల కాదు. ఆయన కోపంగా తలెత్తి చూశాడు. పిల్ల మొహం సున్నం కొట్టినట్టుంది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. గౌను వీపంతా తడిసి ముద్దయింది. కళ్ళు ఆయన వైపే ఉన్నాయి గానీ ఆయన్ని చూడటం లేదు.

"పిట్టా?"

ఆమె పక్కకి ఒరిగిపోయింది.

సూదులు ఎటు పడ్డాయో తెలియదు. ఆయన పిల్లని ఎత్తి, గూట్లోంచి యంత్రం లాగి, వేలు గుచ్చాడు. ముప్పై ఒకటి. మళ్ళీ చూశాడు. నాలుగొందల ముప్పై నుంచి ముప్పై ఒకటి. రెండేళ్ళుగా పెరుగుతుందనే భయపడ్డారు, ఇంతలా పడిపోతుందని ఎవరు కలగన్నారు? ఆసుపత్రిలో విన్న మాట అప్పుడు బయటికొచ్చింది. పడిపోతే క్షణం ఆలస్యం చెయ్యకండి, తీపి పెట్టండి, స్పృహ లేకపోతే నీళ్ళు పొయ్యకండి.

తీపి. ఇంట్లో ఉన్న తీపంతా పెట్టెలో ఉంది.

భార్యకి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. వీధిలోకి తొంగి చూశాడు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మూసిన తలుపులే. "ఎవరైనా ఉన్నారా?" అని అరిచాడు. పిల్ల కాళ్ళు కొట్టుకోవడం మొదలైంది. తాళాన్ని సుత్తితో కొట్టాడు. తాళం మంచిది, ఆయనే ఏరి కొన్నాడు. రెండో దెబ్బకి సుత్తి జారి వాచిన వేలి మీద పడింది. ఆయనకి ఆ నొప్పి తెలియలేదు.

తోలు కోసే కత్తి తీసుకుని పెట్టె మూత మధ్యలో దించాడు. ఇరవై రెండేళ్ళు ఒక్క గీత పడకుండా కాపాడిన తోలు. అడ్డంగా కోశాడు, నిలువుగా కోశాడు, లోపలికి చెయ్యి పెట్టి డబ్బా మూత ఊడబెరికాడు. పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టి, తడి వేలికి పంచదార అద్ది చెంప లోపల, చిగుళ్ళ మీద రుద్దాడు. కొంచెం కొంచెంగా రుద్దాడు. తేనె సీసా పగలగొట్టినంత పని చేసి తీసి అదీ రాశాడు. "పిట్టా, మింగమ్మా. నాన్న పెడుతున్నాడే. ఎంత కావాలంటే అంత తిను. అమ్మా, తిను." పన్నెండు రోజుల కిందట కొట్టిన చెంప అదే. లోపలివైపు నుంచి దాన్ని రుద్దుతూ ఆయన బావురుమన్నాడు.

ఎంతసేపో తెలియదు. కాళ్ళు కొట్టుకోవడం ఆగింది. నాలుక కదిలింది. అరుపులు విని వీధి చివరి ఇంటి డ్రైవరు పరిగెత్తుకొచ్చి, పిల్లా తండ్రీ ఇద్దర్నీ బండిలో వేసుకుని ఆసుపత్రికి తోలాడు.

మధ్యాహ్నానికి పిట్ట కళ్ళు తెరిచింది. చేతికి సీసాలోంచి చుక్కలు దిగుతున్నాయి. తల్లి డిపో బట్టల్లోనే వచ్చి మంచం పట్టీ పట్టుకుని నిలబడింది. పాత నర్సమ్మే వచ్చింది. గౌను పైకి తీసి, బొడ్డుకి అటూ ఇటూ వేళ్ళతో నొక్కింది. మేస్త్రి చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది.

"తగులుతోందా?"

తగిలింది. చర్మం కింద ఒక పక్క నిమ్మకాయంత, ఇంకో పక్క కొంచెం చిన్నది. మెత్తటి గడ్డలు. రోజూ చూసిన చోటే. సూది దించిన చోటు చూశాడు గానీ, ఒక్కనాడూ తడిమి చూడలేదు.

"రోజూ ఇక్కడే వేశారా?"

"అక్కడే సిస్టరమ్మా. ఆ రెండు చోట్లే. కొత్త బెజ్జం ఎందుకని... నొప్పి కూడా ఉండేది కాదు. నా చెయ్యి తేలిక అనుకున్నాను."

"చెయ్యి తేలిక కాదు బాబూ, చర్మం మొద్దుబారింది. మీరేసిన మందు ఈ గడ్డలో ఇరుక్కుపోయింది. తిన్నది చక్కెరై రక్తంలో తిరుగుతుంది, కానీ దానంతటది కండలోకి పోలేదు. గడియ తియ్యడానికి ఇన్సులిన్ వెళ్ళాలి. అదే ఇక్కడ చిక్కుకుంటే పిల్ల నిండు సంత మధ్యలో ఆకలితో ఉన్నట్టు. ఎంత తిన్నా చిక్కిపోతుంది, అంకె మాత్రం ఎక్కుతూనే ఉంటుంది."

"మరి ఇవాళ..."

"ఇవాళ మంచి చోట వేశారు. గడ్డకి సరిపోయేలా పెంచుకుంటూ పోయిన మందు మొత్తం ఒక్కసారి రక్తంలో దిగింది. తలుపులన్నీ తెరుచుకున్నాయి. పైగా తిన్నది సగమే, ఆపైన గంతులేసింది. కండ పనిచేస్తే తనంతట తనే చక్కెర లాక్కుంటుంది. సూది వేసిన కాలే ఎగిరింది కాబట్టి మందు ఇంకా తొందరగా ఎక్కింది." ఆవిడ గౌను సరిచేసింది. "రోజుకో చోట మార్చమని చెప్పాను నేను."

"చెప్పారు" అన్నాడు మేస్త్రి.

మూడు రోజులకి ఇంటికి పంపారు. మందు పన్నెండు గీతలకే దించారు, ఇక అంకెలు చూసుకుంటూ సర్దుతామన్నారు. పెట్టె ముందు గదిలో అలాగే ఉంది, మూత చీలి, తాళం మాత్రం చెక్కుచెదరకుండా. భార్య తాళంచెవి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని తీసి చెత్తలో వేశాడు. చీలికలోంచి చెయ్యి పెడితే పంచదార డబ్బా అందుతుంది, పిట్ట చెయ్యయినా సరే.

సాయంత్రం పిట్ట అలవాటుగా గౌను ఎత్తి పట్టుకుంది. మేస్త్రి తల అడ్డంగా ఊపి, ఆమెని బల్ల మీద కూర్చోబెట్టి, జబ్బ వెనక సూది పడని చోటు వేళ్ళతో తడిమి చూశాడు. భార్య చర్మం పట్టుకుంది. ఆయన సిరంజి ఆనించి ఆగాడు. ఎన్ని తోళ్ళు పొడిచాడో లెక్కలేదు, ఆ ఒక్క బెజ్జానికి చెయ్యి రాలేదు. చివరికి దించాడు.

"అబ్బా!" అంది పిట్ట. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నొప్పిగా ఉందా?"

"ఊఁ." తర్వాత తండ్రి మొహం చూసి, "కొంచెమేలే" అంది.

ఆయన సిరంజి పక్కన పెట్టి నేల మీద కూర్చున్నాడు. కూర్చుంటే ఆయన తల పిట్ట మోకాళ్ళ దగ్గరికి వచ్చింది.

"ఆ టాఫీ నువ్వు నిజంగా తినలేదు కదే?"

పిట్ట చేతులు రెండూ చాపింది, అలవాటు చొప్పున. "తినలేదు నాన్నా."

"మరి నాలుగు తిన్నానని ఎందుకు చెప్పావు తల్లీ?"

పిట్ట జబ్బ రుద్దుకుంటూ ఆలోచించింది.

"ఒకటంటే నువ్వు నమ్మలేదు కదా" అంది.